పదమూడు లెక్కలో ఉద్వాసన

ఫిబ్రవరి 4

మళ్ళీ డైరీ. కిందటిసారి రాసింది మా ఆయన ఇల్లు వదిలి వెళ్ళిన ఏడాది. ఈసారి వదిలి వెళ్ళడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు. అమ్మ ఒక్కతే ఉంది. ఆవిడ తను పోదు, నన్నే ఎక్కడికైనా పొమ్మంటుంది.

మా బ్యాండుకి ఇరవై ఏళ్ళు నిండాయి. వచ్చే నెలాఖరున పెద్ద హాల్లో ప్రోగ్రాం. కరపత్రం వెనక వెయ్యడానికి అన్నయ్య బ్యాండు చరిత్ర రాసి పంపాడు. "ప్రోగ్రెసివ్ మెటల్ బృందం 'ఏడున్నర'లో కాలక్రమేణా సభ్యులు పరస్పర అంగీకారంతో మారుతూ వచ్చారు" అట. పరస్పర అంగీకారం! కోడిని అడిగే కత్తి నూరారన్నమాట. నేను పళ్ళ ల్యాబ్‌లో మైనం కరిగిస్తూ చదివాను. నవ్వొచ్చి ఒక కట్టుడు పన్ను వంకరైంది. ఎవరి నోట్లోకి పోతుందో పాపం.

అసలు చరిత్ర నాకు తెలుసు. బయట చెప్పను. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. ఇక్కడైతే రాసుకోవచ్చు.

ప్రపంచమంతా నాలుగు దెబ్బల లెక్కలో నడుస్తుంది. నడక నాలుగు, జోలపాట నాలుగు, మేం ప్రాక్టీసు చేసే సెల్లార్ మీదున్న లాండ్రీలో ఇస్త్రీ మిషను కూడా నాలుగే. మా అన్నయ్యకి నాలుగంటే నామోషీ. ఏడు, పదకొండు, పదమూడు, పదిహేను. పదిహేనులో సగమని బ్యాండుకి 'ఏడున్నర' అని పేరు పెట్టాడు. "శని కూడా ఏడున్నరేళ్ళకి వదిలేస్తాడు కదే, మీదేమిటి ఇరవయ్యేళ్ళు?" అంటుంది అమ్మ. గొంతు చించుకునే అరుపులుంటాయి, పిడుగుల్లాంటి గిటార్లుంటాయి, మధ్యలో ఎవరూ అడగని నిశ్శబ్దం ఉంటుంది. ఒక్కో పాట పావుగంట. అదీ మా సంగీతం.

అదంటే నాకు ప్రాణం. ఆ మాట అన్నయ్యకి కూడా చెప్పలేదు ఎప్పుడూ.

ఫిబ్రవరి 6

చరిత్ర, నా వెర్షను.

పొమ్మనలేక పొగబెట్టడం అంటారే, మా అన్నయ్య ఆ పొగ పాటల్లో పెడతాడు. ఎవరినైనా తీసెయ్యాలనిపిస్తే నోటితో చెప్పడు. ఆ మనిషి వాయించలేని పార్టు ఒకటి రాస్తాడు. మా మొదటి డ్రమ్మరుకి గడియారం అని పేరు, అంత నికరంగా కొట్టేవాడు. వాడి కోసం వాక్యానికో లెక్క మారే పాట వచ్చింది. మూడు నెలలు కుస్తీ పట్టి మనిషి సగమయ్యాడు. తరవాత వచ్చినవాడు తుఫాను. వాడికి ఎంత వేగమైనా లెక్కలేదు కాబట్టి, వాడి కోసం నాలుగు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చుని చివర్లో ఇత్తడి తాళాన్ని ఒకే ఒక్కసారి మెల్లగా తాకాల్సిన పాట వచ్చింది. వెధవ ఒక్కసారి కూడా ఆగలేకపోయాడు! అదైతే నేను కూడా మెచ్చుకున్నాను. బేస్ గిటార్ వాయించినవాళ్ళు ఇద్దరు, రెండో గిటార్ వాడొకడు, పాడేవాళ్ళు ఇద్దరు. అందరిదీ ఇదే కథ.

మొదట పాడింది మా ఆయన. ఆయన గొంతు ఎక్కడిదాకా వెళ్తుందో అన్నయ్యకి మిల్లీమీటర్లతో సహా తెలుసు. పాట సరిగ్గా దానికి ఒక మెట్టు పైన వచ్చింది.

పార్టు రాయడం అన్నయ్య పని. ఫోన్ చెయ్యడం నా పని. "నువ్వైతే మెత్తగా చెప్తావే" అంటాడు. ఏడుగురికీ నేనే చెప్పాను, అదే ముక్క: "ఏమనుకోకు. పాట అలా వచ్చింది. తప్పు నీది కాదు, పాటది." మా ఆయనకైతే వంటింట్లోంచి హాల్లోకి ఫోన్ చేశాను. ఎదురుగా వెళ్ళి చెబితే బాగుండదనిపించింది.

ఎవరూ తిట్టలేదు. ఏడుగురూ మొదట అడిగింది ఒకటే: "ఎవరైనా దొరికారా?"

ఛీ, అదేం పరువు తక్కువ ప్రశ్న! పొమ్మన్నాక పోవాలి గానీ తన కుర్చీలో ఎవరు కూర్చుంటారో అడుగుతారా? "చూస్తున్నాం" అనేదాన్ని. నిజానికి ఎప్పుడూ దొరికే ఉండేవాళ్ళు. సెల్లార్ గోడవార చిరిగిన సోఫా ఉంది. కొత్తవాళ్ళు ముందు 'ఊరికే వినడానికి' వచ్చి ఆ సోఫాలో కూర్చుంటారు.

మా ఆయన ఆ తరవాత ఇంట్లోంచి కూడా వెళ్ళిపోయాడు. పాటకీ కాపురానికీ సంబంధం లేదు.

ఫిబ్రవరి 10

కొత్త పాట వచ్చింది. ప్రోగ్రాం చివర్లో వాయించేది. మధ్యలో నా కీబోర్డుకి పెద్ద పార్టు ఉంది. ఎడమ చిటికెనవేలు కింది స్వరాన్ని నొక్కి పట్టుకునే ఉండాలి, వదలకూడదు. మిగతా నాలుగు వేళ్ళూ దాని పైన పదమూడు లెక్కలో పరుగెత్తాలి. కుడి చెయ్యి వేరే దారి.

"నీకోసమే రాశానే" అన్నాడు అన్నయ్య.

ఇరవై ఏళ్ళలో నాకోసం అని రాసిన మొదటి పార్టు. సంతోషంగా ఉంది.

ఫిబ్రవరి 11

కిందటేడు ల్యాబ్‌లో బట్టీ తలుపు ఎడమ చిటికెనవేలి మీద పడింది. ఆస్పత్రికి తీసుకెళ్ళింది అన్నయ్యే. ఎక్స్‌రే లైటుకి అడ్డం పెట్టి డాక్టరుకన్నా ముందు చూసింది కూడా ఆయనే. ఎముక అతికింది గానీ కొంచెం వంకరగా అతికింది. పాటల్లో ఆ వేలితో కొట్టాల్సినవన్నీ ఉంగరపు వేలితో కొట్టేస్తున్నాను. ఎవరికీ తేడా తెలీలేదు.

ఇప్పుడు నా చిటికెనవేలికేం లేదు. ఎందుకు రాస్తున్నానో ఇదంతా.

ఫిబ్రవరి 14

ప్రాక్టీసు. ఇప్పుడున్న జనాభా రాసి పెట్టుకుంటాను, ఎవరు ఎన్నాళ్ళుంటారో తెలీదు కదా.

డ్రమ్ములు లెక్కల మాస్టారు. నిజంగానే బళ్ళో లెక్కలు చెప్తాడు. ఐదింటికి బడి వదిలి చేతులకి సుద్దముక్క పొడితో వస్తాడు. తుఫానులా అల్లరి లేదు, గడియారంలా విసుగూ లేదు. బేస్ గిటార్ మూగనోము. మూడేళ్ళలో నాతో మాట్లాడింది రెండు వాక్యాలు, అందులో ఒకటి "గొడుగు ఎవరిది?" పాడేది గర్జన. పగలంతా కాల్ సెంటర్‌లో "మీకు నేనెలా సహాయపడగలనండీ" అని తేనె పూసి మాట్లాడి, సాయంత్రం మా దగ్గరకొచ్చి పులిలా అరుస్తాడు. వాడి అరుపుల్లో నిజాయితీ ఉందని పత్రికలవాళ్ళు రాశారు. ఎందుకుండదు!

అన్నయ్య గిటార్ తగిలించుకుని ఎప్పటిలాగే నా ఎడమ పక్కన నిలబడ్డాడు. స్పీకరు అటే ఉంది, బాగా వినబడుతుందంటాడు. స్పీకరు కుడి పక్కకి మార్చి ఆరేళ్ళయింది.

నా పార్టు రాలేదు. వేళ్ళు చల్లబడి ఉన్నాయి. పైన ఇస్త్రీ మిషను కూడా ధన్ ధన్ మని నాలుగు కొడుతూ లెక్క చెడగొట్టింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కాదు, నిజంగానే చెడగొట్టింది.

ఫిబ్రవరి 17

సోఫాలో ఒక అమ్మాయి కూర్చుంది. ఊరికే వినడానికి వచ్చిందట. పొడుగాటి వేళ్ళు. పక్కన నల్ల సంచి, కీబోర్డు పట్టేంత ఉంది. పత్రికల అమ్మాయి అయ్యుంటుంది. ఈ మధ్య పత్రికలవాళ్ళు ఏవేవో సామాన్లు మోసుకు తిరుగుతున్నారు.

ఫిబ్రవరి 18

నా చిటికెనవేలికేం లేదు.

ఫిబ్రవరి 21

మా ఆయన ఫోన్ చేశాడు. ఇప్పుడు ఏదో హోటల్ వరండాలో సాయంత్రాలు పాడుతున్నాడు. అన్నీ నాలుగు లెక్కలోవే. తినేవాళ్ళ దవడలు కూడా అదే లెక్కలో ఆడతాయి కాబట్టి గిట్టుబాటు అవుతున్నట్టుంది.

ప్రోగ్రాంకి రెండు టిక్కెట్లు కావాలన్నాడు. రెండో టిక్కెట్టు ఎవరికని నేను అడగలేదు. ఆయన మాత్రం అడిగాడు.

"కొత్త పాటలో నీ పార్టు కష్టంగా ఉందట కదా? మాస్టారు చెప్పాడు."

"కష్టమేం లేదు. బాగుంది."

"సోఫాలో ఎవరైనా కూర్చున్నారా?"

ఫోన్ పెట్టేశాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను. అందరి సంగతీ వేరు, నా సంగతి వేరు. నేను చెల్లెల్ని. బ్యాండు పుట్టింది మా ఇంటి వెనక గదిలో. అన్నయ్య గిటార్ మీద ఏదో గిలికి "ఇది ఎన్నే?" అనేవాడు. "పదకొండు అన్నయ్యా" అనేదాన్ని. "ఇది?" "ఏడు, తరవాత ఎనిమిది." ఇప్పటికీ అంతే. తను గిలుకుతాడు, నేను లెక్కపెట్టి చెప్తాను. ప్రతి చుట్టు మొదట్లోనూ నా ఎడమ చెయ్యి కింది స్వరం మీద ఒక దెబ్బ వేస్తుంది. అదే 'ఒకటి'. దాన్ని పట్టుకునే అందరూ వాయిస్తారు.

నన్ను తీసేస్తే నాకు ఫోన్ చేసేదెవరట?

ఫిబ్రవరి 22

ఆ చివరి వాక్యం కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

ఫిబ్రవరి 25

వేడినీళ్ళలో పావుగంట, తరవాత ప్రాక్టీసు, మళ్ళీ వేడినీళ్ళు. ల్యాబ్‌లో పన్ను చెక్కుతుంటే కత్తి పక్కకి జారింది. మా ఓనరు చూసి "ఏంటమ్మా, పన్నుకి బదులు గులకరాయి చేసేట్టున్నావే" అన్నాడు. తన నోట్లోవి నేను చేసిన పళ్ళేనని మర్చిపోయి మరీ జోకులేస్తాడు.

అమ్మ గిన్నెలో చెయ్యి చూసింది.

"ఏమైందే?"

"ఏం కాలేదు."

"నీకేం కాలేదని నువ్వు చెప్పిన ప్రతిసారీ ఇంట్లో ఒక మనిషి తగ్గాడు" అంది. ఇలాంటి మాటలు ఆవిడకి ఎక్కడ దొరుకుతాయో! మొత్తానికి గిన్నెలో ఇంకో చెంబు వేడినీళ్ళు పోసి వెళ్ళింది.

ఫిబ్రవరి 28

అన్నయ్య వేగం పెంచాడు. "పాట అడుగుతోందే" అన్నాడు.

పాట అడుగుతోందట. పాటకి నోరుందా?

ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి సోఫా చేతి మీద వేళ్ళతో వాయిస్తోంది, నా పార్టే. నేను అటు చూడలేదు. అటు చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డానో ఆ పార్టుకి కూడా అంత కష్టపడలేదు.

మార్చి 1

నాకు మొదటి రోజే తెలుసు. ఆ సంచి చూడగానే తెలుసు. పత్రికల అమ్మాయి అని రాసుకున్నాను. ఎవరి కోసం రాశాను, ఈ డైరీ చదివేదెవరు? నేనే కదా.

ఏడ్చాను. బాధతో కాదు, కోపంతో. పోనీ బాధతో కూడా. ఎక్స్‌రే చేత్తో పట్టుకుని చూసిన మనిషి! ఏ వేలు మోయలేదో కొలిచి, సరిగ్గా ఆ వేలి మీదే పాట కట్టాడు. కారణం ఏమై ఉంటుంది? కరపత్రం మీద ఫోటోలో ఆ అమ్మాయైతే బాగుంటుంది. నేను పళ్ళ ల్యాబ్‌లో పనిచేసే మనిషిలా ఉంటాను. ఉన్నదే అది.

"కష్టంగా ఉంది అన్నయ్యా" అని నేను అంటే చాలు. నా నోటితో అనిపించుకుని, "సరేలే, ఆ అమ్మాయి ఉందిగా" అందామని. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. నా దగ్గర రెండూ అందవు. చచ్చినా అనను.

మార్చి 2

నా చిటికెనవేలికేం లేదు. నా చిటికెనవేలికేం లేదు.

మార్చి 9

వచ్చింది.

సాయంత్రం, మొదటి నుంచి చివరి దాకా, అన్నయ్య పెంచిన వేగంలో. వేలు వదల్లేదు. అమ్మ వంటింట్లోంచి "ఇప్పుడు బాగుంది" అని అరిచింది. మా సంగీతాన్ని అమ్మ బాగుందనడం ఇదే మొదలు. తప్పు వాయించానేమో అని మళ్ళీ వాయించి చూసుకున్నాను.

మార్చి 11

ఇది పూర్తిగా రాయాలి.

అందరూ ఉన్నారు. అమ్మాయి సోఫాలో ఉంది, సంచి జిప్పు సగం తీసి ఉంది. అన్నయ్య నా ఎడమ పక్కన. ఆయన ముఖం ఎలా ఉందంటే, ముందే కాదనుకుని పెళ్ళి చూపులకి వెళ్ళినవాళ్ళ ముఖంలా, అతి మర్యాదగా ఉంది.

నా పార్టు వచ్చింది. కింది స్వరాన్ని చిటికెనవేలితో నొక్కి పట్టుకున్నాను. నాలుగు వేళ్ళూ పరుగెత్తాయి. మొదటి చుట్టు, రెండో చుట్టు. మాస్టారు నవ్వడం కనబడింది. మూడో చుట్టులో అన్నయ్య గిటార్ రావాలి.

రాలేదు. వచ్చింది గానీ, తప్పు చోట వచ్చింది.

ఆపాడు. "నువ్వు తప్పావే" అన్నాడు నాతో.

"లేదన్నా, అక్క కరెక్టే" అన్నాడు మాస్టారు.

మళ్ళీ. ఈసారి అన్నయ్య రెండు లెక్కల ముందే దూకాడు. మళ్ళీ. ఈసారి వెనకబడ్డాడు. నా ఎడమ చేతి వైపు చూస్తున్నాడు. కళ్ళార్పకుండా చూస్తున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది, ఆరేళ్ళుగా లేని స్పీకరు పక్కన ఆయన ఎందుకు నిలబడుతున్నాడో. మిగతావాళ్ళం లోపల లెక్క కూడా పెట్టుకుంటాం, ఇరవై ఏళ్ళుగా ఆయన లెక్కపెట్టడం లేదు. నా ఎడమ చెయ్యి కింది స్వరాన్ని ఎప్పుడు కొడుతుందో చూసి 'ఒకటి' అనుకుంటున్నాడు. ఈ పాటలో నా చెయ్యి ఆ స్వరాన్ని కొట్టదు, పట్టుకునే ఉంటుంది. అలా రాసింది ఆయనే. నా వేలి కోసం తవ్విన గోతిలో తన 'ఒకటి' పడిపోయింది!

"వైరు లూజుగా ఉంది" అన్నాడు అన్నయ్య.

మూగనోము గిటార్ భుజం మీంచి దించాడు. "వైరు కాదన్నా. ఒకటి ఎక్కడుందో నీకు తెలీట్లేదు" అన్నాడు. మూడేళ్ళ మౌనం ఒక్క మాటతో గిట్టుబాటు చేసుకున్నాడు మహానుభావుడు.

గర్జన దగ్గాడు. పైన ఇస్త్రీ మిషను నికరంగా నాలుగు కొడుతూనే ఉంది.

అన్నయ్య నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "ఆ కింది స్వరం పట్టుకోకే. ఎప్పట్లా కొడుతూ ఉండు. పార్టు మార్చేద్దాం."

"వద్దు అన్నయ్యా. నాకోసమే రాశావుగా" అన్నాను.

అన్నయ్య సిగరెట్టు వంకతో మెట్లెక్కి వెళ్ళాడు. సోఫాలోంచి ఆ అమ్మాయి లేచి వచ్చింది. "అక్కా, మీరు మానేస్తున్నారని చెప్పి నన్ను పిలిచారు. ఈ పార్టు ఇంట్లో ఎంత ప్రయత్నించినా నాకు రాలేదు. ఎలా వాయిస్తున్నారక్కా?" పాపం, కళ్ళనిండా భయం. పొడుగాటి వేళ్ళుంటే సరిపోతుందా?

"వేడినీళ్ళు" అన్నాను.

మార్చి 14

అన్నయ్య ప్రయత్నించాడు. రాలేదు.

మార్చి 17

రాలేదు. ఈసారి తన కాలి చెప్పుతో లెక్కపెట్టుకుంటున్నాడు. చెప్పు నాలుగు లెక్కలో పడుతోంది.

మార్చి 18

మాస్టారు, మూగనోము, గర్జన ముగ్గురూ మా ఇంటికొచ్చారు. అమ్మ కుర్చీలు సరిపోక బియ్యం డబ్బా మీద మూగనోమును కూర్చోబెట్టింది. అన్నయ్య ప్రతి ఒక్కరికీ విడివిడిగా ఫోన్ చేసి పాట మొత్తం మార్చేస్తానన్నాడట. ఏడులోకి, అవసరమైతే నాలుగులోకి. నాలుగు! ఇరవై ఏళ్ళు నాలుగుని బూతుమాటలా చూసిన మనిషి.

"పాట ఇలాగే ఉండాలక్కా" అన్నాడు మాస్టారు. "ఆయన రాసినవాటిలో ఇదే మంచిది."

నిజమే. ఆ మాట నాకు ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఒప్పుకోబుద్ధి కాలేదు, కానీ నిజం. నన్ను వెళ్ళగొట్టడానికి రాసింది ఇంత బాగా ఎలా వచ్చిందో!

"గిటార్ పార్టు మన పాత డ్రమ్మరు తుఫాను వాళ్ళ తమ్ముడు వాయించగలడు" అన్నాడు గర్జన, కాల్ సెంటర్ గొంతుతో. తరవాత ముగ్గురూ కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నారు. పిల్లి మెడలో గంట కట్టే సమయానికి ఎలుకలన్నీ నా వైపే చూస్తాయి. ఇరవై ఏళ్ళ అలవాటు మరి.

మార్చి 19

ల్యాబ్ నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా ఫోన్ చేశాను. వంటింట్లోంచే. అమ్మ స్టవ్ ఆపేసి నిలబడింది.

"ఏంటే?" అన్నాడు అన్నయ్య.  వెనకాల గిటార్ తీగ ఒకటి ఇంకా మోగుతోంది. ఇప్పటిదాకా వాయిస్తున్నట్టున్నాడు.

వేరే మాటలు వెతుక్కున్నాను. అన్నయ్య కదా, కొంచెం వేరేగా చెప్పాలనిపించింది. ఎంత వెతికినా నోటికి ఆ మాటలే వచ్చాయి.

"ఏమనుకోకు అన్నయ్యా. పాట అలా వచ్చింది. తప్పు నీది కాదు, పాటది."

తీగ మోత ఆగింది. తిడతాడనుకున్నాను. బ్యాండు నాదంటాడనుకున్నాను. నిన్ను నేను తయారు చేశానంటాడనుకున్నాను. వాటన్నిటికీ ఈసడింపు సమాధానాలు సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఒక్కటీ పనికి రాలేదు.

"ఎవరైనా దొరికారా?" అన్నాడు.

"చూస్తున్నాం" అన్నాను.

ఫోన్ పెట్టేసి అక్కడే నిలబడ్డాను. అమ్మ గిన్నెలో వేడినీళ్ళు పోసి ముందు పెట్టింది. చెయ్యి ముంచాను.

చిటికెనవేలు నొప్పిగా ఉంది. చాలా నొప్పిగా ఉంది.